గుంటుపల్లికి కిరాయి బండి

“గుంటుపల్లికి బండి కావలెను” అని రాజమహేంద్రవరంలో కిరాయి కార్ల స్టాండుకు పోయి అడిగితే, “ఆయ్, తప్పకుండానండి! బెజవాడ కాడిదేనాండి?” అనే ఎదురుప్రశ్న రావచ్చును. ఇందులో డ్రైవరును తప్పు పట్టవలసినది ఏమీ లేదు. విజయవాడకు సమీపమున మరొక గుంటుపల్లి ఉన్నది. అక్కడ రైల్వేవారి గూడ్సు పెట్టెలు మరమ్మతు చేసే పెద్ద కర్మాగారం ఉన్నది. దినదినము బండి నడుపుకొనే వానికి కర్మాగారమున్న గుంటుపల్లి తెలియడం సహజం. క్రీస్తుకు పూర్వమే బౌద్ధ భిక్షువులు కొండ తొలిపించుకొని నివసించిన గుంటుపల్లి తెలియకపోవడమూ సహజమే. ఈ చిక్కు తప్పించుకొనే ఉపాయం సులభమైనది. “కామవరపుకోట దగ్గర జీలకర్రగూడెం” అని అడుగవలెను. వెంటనే అవతలివాని ముఖం వికసిస్తుంది. “చిన్న తిరుపతి దాటి వెళ్లాలి కదండీ మాస్టారూ! అలా చెప్పండి మరి.”

బడిపిల్లలను వెంటబెట్టుకొని పురాతన శిథిలాలు చూడబోయే ఉపాధ్యాయుని కష్టసుఖాలలో ఇది మొదటి మెట్టు మాత్రమే. చరిత్ర పుస్తకాలు చైత్యమంటే ఏమో చెప్తవి, విహారమంటే ఏమో చెప్తవి. చైత్యం దాకా పోవడానికి బండి ఎట్లా కుదుర్చుకొనవలెనో ఏ పుస్తకమూ చెప్పదు. కాని పిల్లలు ఆ రోజు ఏమి చూచి వస్తారనేది పుస్తకంకంటె ఎక్కువగా ఆ బేరంమీదనే ఆధారపడి ఉంటుంది.

గుంటుపల్లి గుహలు గోదావరి మండలంలోని అతి ప్రాచీన బౌద్ధస్థలాలలో ఒకటి. పూర్వము పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండేవి. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినది మొదలు ఏలూరు జిల్లాలో చేరినవి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. ఏలూరునుండి దాదాపు 40 కిలోమీటర్లు. రాజమహేంద్రవరంనుండి గోదావరి దాటి కొవ్వూరు, దేవరపల్లి, నల్లజర్ల, ద్వారకా తిరుమల, కామవరపుకోటల మీదుగా పోతే 90 కిలోమీటర్లకు కొంచెం అటూ ఇటూ. రైలు దారి అక్కడికి లేదు. బస్సులో కామవరపుకోట దాకా చేరవచ్చును గాని, అక్కడనుండి కొండదాకా ఆటో చూచుకొనవలెను. నలుగురైతే ఇది మంచి మార్గమే. నలుబదిమంది పిల్లలతో సాగే పని కాదు. కనుకనే కిరాయి బండి.

ఇక్కడ ఒక్క మాట. శిథిలాలన్నిటికీ బండి కట్టించుకొనవలసిన అవసరం లేదు. తూర్పు డెల్టాలోని పాఠశాలలకు బిక్కవోలు ఉన్నది. అది రాజమహేంద్రవరం, సామర్లకోటల నడుమ రైల్వేస్టేషను గల ఊరు. వేంగీ చాళుక్యులలో గుణగ విజయాదిత్యుని బిరుదునుబట్టి బిరుదాంకప్రోలు అనే పేరు వచ్చి, అదే నేటి బిక్కవోలయినదని చెప్తారు. ఊరిలో గోలింగేశ్వరాలయం ఉన్నది. ఊరి వెలుపల పొలాలలో పూజాపునస్కారాలు లేని పాత గుళ్లూ ఉన్నవి. రైలు దిగి నడిచి చూడవచ్చును. అట్టి చోటికి కారు పెట్టుకొని పోవడం కాలువ గట్టుమీద ఉండి బావి త్రవ్వించుకొన్నట్లు ఉంటుంది. గుంటుపల్లి సంగతి వేరు. అది మెట్టసీమలో, దారికి ఎడముగా, ఇసుకరాతి కొండల మడతలో ఉన్నది. భిక్షువులు కోరుకొన్నది ఆ ఎడమునే.

మోటారు రాకముందు ఈ ప్రాంతంలో ప్రయాణమంటే పడవ ప్రయాణమే. 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరం ఆనకట్టనుండి త్రవ్విన కాలువలు పొలాలకు నీరిచ్చుటతో ఆగక, జనానికి రహదారులు కూడ అయినవి. గోదావరి ఆవలి ఒడ్డున విజ్జేశ్వరం దగ్గర బయలుదేరిన కాలువ ఏలూరు చేరి కృష్ణ కాలువతో కలుస్తుంది. ఆ నీటిమీదనే మనుష్యులూ ధాన్యమూ రెండు నదుల మధ్య తిరిగినవి. ఏలూరులో పడవ దిగినవారికి మెట్టదారి అంతా ఎడ్లబండియే. ఆ బండికి ఒక గుణం ఉన్నది. ఎడ్లకు అలుపు వస్తుంది. కొండ క్రింద వాటిని విప్పి, నీళ్లు చూపి, మేత వేసి, నెమరు వేసేవరకు బండివాడు కదలడు. ఎడ్లు నెమరు వేసినంతసేపు యాత్రికునికి కొండమీద కాలం దొరికేది. కారుకు అలుపు లేదు. తాళంచెవి త్రిప్పితే చాలు, కదలడానికి సిద్ధంగా ఉంటుంది. ఎడ్లవలన ఊరక లభించిన ఆ విరామాన్ని నేటి యాత్రికుడు బేరంలో అడిగి సంపాదించుకొనవలసి వచ్చినది.

ఈ బేరం సామాన్యంగా మూడు విధాల ఉంటుంది. మొదటిది గంటల లెక్క. ఇన్ని గంటలు, ఇన్ని కిలోమీటర్లు అని ముందే మాట్లాడుకొని, మించినదానికి గంటకింత అని అదనంగా చెల్లించడం. పెండ్లికీ ఆసుపత్రికీ ఇది బాగుంటుంది, శిథిలాలకు పనికిరాదు. ఎందుకనగా ప్రతి స్తంభం దగ్గర ఆగినప్పుడూ గడియారంలో రూపాయలు కరగుతున్నట్లు తోస్తుంది. పిల్లవాడు శాసనం ముందు నిలబడి ఒక అక్షరం పోల్చుకోబోయే సమయానికే ఉపాధ్యాయుడు “పదండి, పదండి” అంటాడు. రెండవది గంపగుత్త. “వెళ్లి రావడానికి ఇంత” అని ఒక్క మాటలో ముగించడం. ఇది వినడానికి హాయిగా ఉంటుంది. కాని గుత్తకు ఒప్పుకొన్నవాడు ఎంత త్వరగా ఇల్లు చేరితే అంత లాభం కనుక, మధ్యాహ్నం కాకముందే కొండ క్రింద హారను మ్రోగడం మొదలవుతుంది. మూడవది రోజు లెక్క. కిలోమీటరుకు ఇంత, రోజుకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు తక్కువ కాకుండ చెల్లించవలెను, డ్రైవరు బత్తా, టోలు వేరు. శిథిలాలకు తగినది ఇదే. దీనిలో బండి తిరిగితేనే సొమ్ము, నిలబడితే సొమ్ము లేదు. కొండ క్రింద చెట్టునీడన అయిదు గంటలు నిలిచినా అదనంగా పైసా ఇవ్వనక్కర లేదు.

అయితే ఈ మూడవ విధానంలో ఒక ఆకర్షణ పొంచి ఉన్నది. శిథిలయాత్రలు చెడిపోవడానికి అదే ముఖ్యకారణమని చెప్పవచ్చును. గుంటుపల్లి పోయిరావడానికి 180 కిలోమీటర్లు. యజమాని అడిగే కనీసం సాధారణంగా దానికంటె ఎక్కువే ఉంటుంది. అనగా సొమ్ము చెల్లించి తిరగని కిలోమీటర్లు కొన్ని మిగులుతవి. అవి చూడగానే యాత్రాసంఘంవారికి నిద్ర పట్టదు. “ఎలాగూ డబ్బు కడుతున్నాం కదా, ప్రొద్దున్నే పట్టిసం చూసేద్దాం” అని ఒకరు. “చిన్న తిరుపతి దారిలోనే ఉన్నది, దర్శనం చేసుకోకుండా పోతే ఎట్లా?” అని మరొకరు. “పెదవేగి కూడ కలుపుకొంటే వేంగి అయిపోతుంది” అని చరిత్ర మాస్టారు. డ్రైవరు కూడ దీనికి సంతోషంగా ఒప్పుకొంటాడు. దేవాలయాల దారులు అతనికి కంఠోపాఠం. పట్టిసంలో రేవు దగ్గర పడవకోసం కాచుకొనుట, ద్వారకా తిరుమలలో వరుసలో నిలుచుట, భోజనం – ఇవన్నీ అయ్యేసరికి సాయంకాలం నాలుగవుతుంది. గుంటుపల్లికి అరగంట మిగులుతుంది. పిల్లలు మెట్లు పరుగున ఎక్కి, గుహముందు ఫోటో తీయించుకొని, పరుగున దిగుతారు. మరునాడు బడిలో “ఏమి చూచినారు?” అని అడిగితే నాలుగు పేర్లు చెప్తారు.

ఇక్కడ దైవదర్శనాన్ని ఎవరూ కాదనడం లేదు. ద్వారకా తిరుమలకు మరొక రోజు పోవచ్చును. బస్సులకు కొదువ లేదు. శాలంకాయనులకూ తరువాత చాళుక్యులకూ రాజధానియైన వేంగి, నేటి పెదవేగి, దిబ్బల రూపంలో మిగిలిన నగరం. దానిని ఇరువది నిమిషాలలో ‘కలుపుకొనుట’ సాధ్యంకాదు. దానికొక దినం వేరుగా ఇవ్వవలెను. తిరగని కిలోమీటర్లకు పెట్టిన సొమ్ము వ్యర్థమైనదని చింతించేవారు, ఆ సొమ్ముతో కొన్నది కొండమీది అయిదు గంటలని తెలిసికొనవలెను.

అయిదు గంటలు అక్కడ ఏమి చేయవలెనని అడిగేవారికోసం కొంచెం చెప్పవలసి ఉన్నది.

మెట్లెక్కి పోగా గుండ్రని చైత్యగృహం ఒకటి కొండలో తొలచి ఉన్నది. ద్వారంపైన గుర్రపులాడమువంటి తోరణం. లోపల నడుమ ఏకశిలగా మలచిన స్తూపం. దానిచుట్టు ప్రదక్షిణకు సన్నని దారి. గ్రామస్థులు ఆ స్తూపాన్ని ధర్మలింగేశ్వరుడని కొలిచినారు. బుద్ధుని ధర్మం ఊరివారికి గుర్తు లేకపోయినా, దేవుని పేరులో ధర్మశబ్దం నిలిచి ఉండడం భాషాభిమానులకు ముచ్చట గొలుపుతుంది. పిల్లలను అక్కడ కూర్చుండబెట్టి తలయెత్తి చూడమనవలెను. గుమ్మటం లోపలివైపున రాతిలోనే వాసాలు చెక్కి ఉన్నవి. వరుసగా నలుదిక్కులనుండి పైకి లేచి నడినెత్తిన కలిసికొంటవి. అవి ఏ బరువునూ మోయడం లేదు. కొండ తన్ను తానే మోసుకొంటున్నది. మరి వాసాలెందుకు?

ఈ ప్రశ్నకు జవాబు పుస్తకంలో వెదకనక్కర లేదు. తీరప్రాంతంలో చుట్టిల్లు చూచిన పిల్లవాడు ఇట్టే చెప్తాడు. గుండ్రని మట్టిగోడ, దానిమీద చుట్టూ నిలిపిన వాసాలు, శిఖరాన ఒక ముడి, పైన తాటాకు. గాలివానకు ఎదురు నిలవక, గాలిని ప్రక్కలకు జార్చివేసే ఇల్లు. కొండ తొలిచిన శిల్పులకు అంతకు ముందు తెలిసిన కట్టడాలు కఱ్ఱవే. రాతిలో క్రొత్తగా పని మొదలుపెట్టినా వడ్రంగి అలవాటు వారిని విడువలేదు. బీహారులోని బరాబర్ కొండలలో అశోకుని నాటి గుహలున్నవి. అక్కడి లోమశఋషి గుహ ద్వారంకూడ కఱ్ఱ కట్టడానికి రాతి అనుకరణమే. ఎక్కడి మగధ, ఎక్కడి జీలకర్రగూడెం! కాలినడకన తిరిగిన భిక్షువులు ఈ పోలికను ఇంతదూరం తెచ్చినారు. వారు ఏ కిలోమీటర్లు లెక్క పెట్టుకొన్నారో!

వాసాలెన్ని ఉన్నవో ఈ వ్యాసంలో చెప్పడం లేదు, పిల్లలు లెక్కించుకొనవలెను.

అక్కడనుండి విహారాలకు దారి. కొండచరియలో వరుసగా చిన్నచిన్న గదులు. వాటి ద్వారాలపైనా గుర్రపులాడముల తోరణాలే. ఒక్కొక్క గది ఒక్క మనిషి పండుకొనడానికి చాలేటంత. వానకాలంలో మూడు నెలలు తిరుగకుండ ఒకచోట నిలువవలెనని భిక్షువులకు నియమం. ఆ నెలలలో ఈ గదులలో కూర్చున్నవాని ఎదుట ఏమి కనిపించి ఉండునో పిల్లలు స్వయంగా గదిలో కూర్చుండి చూడవచ్చును. తరువాత గజపృష్ఠాకారంలో ఇటుకతో కట్టిన చైత్యగృహపు గోడలు. ఇటుక ఎంత పెద్దదో జానతో కొలిచి చూచి, నేటి ఇటుకతో పోల్చవలెను. ఆపైన చిన్నవీ పెద్దవీ మొక్కుబడి స్తూపాలు పదుల సంఖ్యలో. కొన్ని చేతులు చాచి కౌగిలించుకొనవచ్చును. వాటికంటె ఎత్తున పెద్ద స్తూపం.

ఇక శాసనం. గుంటుపల్లిలో దొరికిన బ్రాహ్మీలిపి, ప్రాకృతభాషలోని స్తంభశాసనం 1968లో ప్రకటితమైనపుడు కళింగ చక్రవర్తి ఖారవేలునిదని భావించినారు. తరువాతి పరిశోధకులు అక్షరాలు మరల పరిశీలించి, అది ఆ మహామేఘవాహన వంశమువాడే అయిన సిరిసదుడనే రాజు నాటిదని నిర్ణయించినారు. కళింగ మహిషక దేశాలకు అధిపతినని చెప్పుకొన్నవాడు ఆయన. పండితులు కూడ ఒకసారి చదివి, మరల చదివి, దిద్దుకొంటారని తెలియడం విద్యార్థులకు ధైర్యం కలిగించే విషయం. దీనికంటె ఉపాధ్యాయులు మరువరానిది మరొకటి ఉన్నది. ఆ శాసనం చెప్పేది రాజు చేసిన దానంగురించి కాదు. రాజుగారి లేఖకుడు చుళగోముడనేవాడు ఒక మండపాన్ని దానం చేసినాడట. లేఖకుడు, అనగా వ్రాతపనితో బ్రతికిన ఉద్యోగి. వ్రాసి బ్రతికేవాడొకడు మండపం కట్టించి, తన పేరు వ్రాయించుకొన్నాడు. రాజును దర్బారులో ఎందరు పొగడినారో తెలియదు, ఈ కొండమీద మాత్రం ఆయన పేరు తన గుమాస్తా పుణ్యాన నిలిచినది.

అరగంటలో ఇవేవీ అందవు.

బేరం దగ్గరికి మరల వద్దాం. డబ్బుమాటకంటె ముందు చూడవలసినవి కొన్ని ఉన్నవి. డీజిలు, పెట్రోలు బండ్లలో కిరాయికి తిరిగేవానికి పసుపుపచ్చని నంబరు ప్లేటుమీద నల్లని అంకెలుంటవి. తెల్లని ప్లేటు సొంతవాడుకకు. పరిచయస్థుడు తెల్లప్లేటు బండిని చవుకగా ఇస్తానంటే సంతోషించి ఒప్పుకొనేవారున్నారు. అది చట్టానికి విరుద్ధం; దారిలో ఏదైన ప్రమాదం జరిగితే బీమావారు అభ్యంతరం చెప్పడానికి తావిచ్చినట్లవుతుంది. సరుకుల బండిలో పిల్లలను నిలబెట్టి తీసికొనిపోవడంగురించి చెప్పనే అక్కరలేదు. పదిమంది సంతకాలు చేసి ఇచ్చినా ఆ బాధ్యత ఏ ఉపాధ్యాయుడూ మోయలేడు. తరగతి మొత్తానికి బండి కావలసినపుడు ఆర్టీసీవారి బస్సును ప్రత్యేకంగా అద్దెకు తీసికొనే సదుపాయంకూడ విచారించవలెను. పెద్దబండి అద్దె వినడానికి ఎక్కువ, తలకు పంచితే తక్కువ.

తలకు పంచడంలోనే అసలు కష్టం ఉన్నది. నలుబదిమందిలో ముప్పదిమంది చందా తెస్తారు. మిగిలిన పదిమంది ఆ రోజు “జ్వరం” అంటారు. ఏ ఉపాధ్యాయుడూ ఈ జ్వరాన్ని ఎరుగనివాడు కాడు. చుట్టింటి వాసాలు చూచిన వెంటనే పోల్చగల పిల్లవాడు తరచుగా ఆ పదిమందిలోనే ఉంటాడు. అతడు రాకపోతే చైత్యగృహంలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పేవారు ఉండరు. కనుక మొదట మొత్తం ఖర్చు లెక్క వేసికొని, బళ్లో పిల్లలందరూ వచ్చేటట్లు చందా ఎంత తగ్గవలెనో చూచి, ఆ తగ్గింపును పెద్దలనుండి కూర్చుకొన్న తరువాతనే తేదీ ప్రకటించడం మంచిది. ఎవరు ఎంత ఇచ్చినారో పిల్లలకు తెలియనక్కర లేదు. నాలుగు స్థలాలకు బదులు ఒక్క స్థలం అనుకొంటే, చేరిన కిలోమీటర్లతోపాటు చందా కూడ కొంత దిగుతుంది. కేంద్ర పురావస్తు శాఖ నియమం ప్రకారం పదునైదేండ్లలోపు పిల్లలకు ప్రవేశరుసుము లేదు.

కొండదగ్గర భోజనశాలలను నమ్ముకొని పోరాదు. పులిహోర, దద్దోజనం మూట గట్టుకొని, మంచినీళ్లు మనిషికి రెండింతలు తీసికొనవలెను. ఎండకాలంలో మెట్టసీమ రాయి మధ్యాహ్నానికి పెనమువలె కాగుతుంది. మార్గశిరంనుండి మాఘందాకా అనువైన కాలం. తెల్లవారక ముందే బయలుదేరితే తొమ్మిదింటికి కొండ చేరవచ్చును. చీకటి పడకముందు హైవే ఎక్కవలెను. ఈ రెండు వేళలూ బయానా ఇచ్చేటప్పుడే కాగితంమీద వ్రాసికొనడం ఉభయులకూ మేలు. కిలోమీటర్ల లెక్క ఇంటినుండియా, బండి యజమాని షెడ్డునుండియా అనేదికూడ అందులోనే ఉండవలెను. తగవులలో సగం అక్కడనే పుడుతవి.

డ్రైవరుగురించి ఎవరూ వ్రాయరు. పిల్లలు కొండమీద ఉన్న అయిదు గంటలూ అతడు క్రింద ఒంటరిగా, సీటు వెనుకకు వాల్చుకొని, సెల్‌ఫోను చూచుకొంటూ ఉంటాడు. అతనికి ఒక గంట నిద్ర అవసరమే. తిరుగుదారిలో అందరి ప్రాణాలూ అతని చేతిలోనే ఉంటవి. అతని భోజనం మూటలో ముందే లెక్కలో చేర్చవలెను, మిగిలితే పెట్టేది కాదు. నిద్ర లేచిన తరువాత “రండి, ఒకసారి చూద్దురుగాని” అని పైకి పిలవవలెను. “మాకెందుకండీ అయ్యన్నీ” అని మొదట మొగమాటపడవచ్చును. వచ్చి గుమ్మటంలోని వాసాలు చూచినవాడు, చిన్నప్పుడు చుట్టింటిలో పెరిగినవాడైతే, నడినెత్తిన ముడి ఎట్లా వేస్తారో, మొదట ఏ వాసం నిలబెడతారో మాస్టారుకంటె బాగా చెప్పగలడు. మరొకసారి మరొక బడివారు స్టాండుకు వచ్చి గుంటుపల్లి అన్నప్పుడు, బెజవాడ మాట అతని నోట రాదు.

తిరిగి ఊరు చేరినపుడు రాత్రి అవుతుంది. పిల్లలు ఒకరిమీద ఒకరు ఒరిగి నిద్రపోతుంటారు. వారిని ఒక్కొక్కరినే పేరు పిలిచి, వచ్చిన తల్లిదండ్రులకు అప్పగించి, తల లెక్క సరిచూచుకొన్న తరువాత, బండిలోపలి దీపం వేయించి, మీటరు అంకెలు ఇద్దరూ కలిసి చదివి, ఉదయం వ్రాసిన కాగితంమీదనే వాటిని క్రింద వేసికొనవలెను.